తువ్వాలు కింద బేరం

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకి మా అమ్మ పెరట్లో జారి పడింది. అదృష్టం, ఎముక విరగలేదు. మోకాలు మాత్రం పది రోజులు వాచిపోయి ఉంది. ఆవిడ ఉండేది రాజాం దాటాక ఒక పల్లెలో, ఒక్కర్తే. నేను శ్రీకాకుళంలో, మా అప్ప (అక్క) విశాఖలో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాం. ఆ రాత్రి ముగ్గురం ఫోన్లో కలిసి ఇరవై నిమిషాల్లో తేల్చేశాం. అమ్మ ఇక ఒంటరిగా ఉండటానికి వీల్లేదు, వచ్చి నా దగ్గర ఉంటుంది, మందుల ఖర్చు ముగ్గురం పంచుకుంటాం. మా ముగ్గురికీ ఒక మాట మీద అంత తొందరగా రాజీ కుదరడం అదే మొదలు. మర్నాడు తొలి బస్సుకి వెళ్లి, పక్కింటివాళ్లిద్దరు పలకరించడానికొచ్చి అరుగు మీద కూర్చుని ఉండగానే, శుభవార్త చెప్పినట్టు చెప్పాను.

"నాను రాను," అంది అమ్మ.

"రాకపోతే ఎలాగమ్మా? మళ్లీ పడితే ఎవరు చూస్తారు?"

"పడితే పడతాను. నా ఇల్లొగ్గీసి అక్కడికొచ్చి ఏటి సేత్తాను?"

నేను గొంతు పెంచాను. ఆవిడ గొంతు తగ్గించింది, అది ఇంకా ప్రమాదం. అరగంటయ్యాక విసిగిపోయి "సరే, నీ ఇష్టం" అన్నాను. "అంతా మీరే అనీసుకున్నాక నా ఇష్టమేటి బాబూ, మీ ఇష్టమే" అంది. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరి ఉద్దేశమూ ఒకటే: ఇక నీతో మాట్లాడను.

తిరుగు బస్సులో నాకు గుర్తొచ్చింది వేరే సంగతి. పండక్కి ముందు ఇదే అమ్మ వెనకాల సంచీ పట్టుకుని సంతకి వెళ్లాను. ఎండు నెత్తళ్లు పోగు వంద అంది అమ్మే ఆవిడ. అమ్మ ఎనభైకి అడిగింది. "బోణీ బేరం తల్లీ, అలగనకు" అని ఆవిడ. "బోణీ గనకే అడుగుతున్నాను" అని అమ్మ. మధ్యలో ఆవిడ కొడుకు కాలు నయమైందో లేదో కనుక్కుంది, ఈసారి నెత్తళ్లలో ఇసక ఎక్కువుందని నొక్కింది, పక్క దుకాణం వైపు ఒకసారి చూసింది, మళ్లీ ఇటే కూర్చుంది. చివరికి తొంభైకి తెగింది, పైన ఒక గుప్పెడు కొసరు. ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోయారు. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

సంతలో ఇంత బాగా తెలిసిన విద్య ఇంటి గుమ్మం దాటి లోపలికి ఎందుకు రాదు? నాకు తోచిన కారణం ఒకటుంది. సంతలో ఇద్దరికీ తెలుసు, ఇది బేరం అని. అడిగేవాడు అడుగుతాడు, కాదనేవాడు కాదంటాడు, ఎవరికీ మనసు కష్టం లేదు. ఇంట్లో "మన మధ్య బేరాలేంటి" అనుకుంటాం. దాంతో అడగడం ఆజ్ఞ అయిపోతుంది, కాదనడం అవమానం అయిపోతుంది. మనవాళ్లు కదా, చెప్పకుండానే అర్థం చేసుకోవాలి అనుకుంటాం. నెత్తళ్లావిడ మీద పెట్టిన ఓపికలో సగం కన్నతల్లి మీద పెట్టం.

పట్టు వేరు, పట్టు వెనకున్నది వేరు

బేరసారాల మీద పరిశోధన చేసినవాళ్లు ఎన్నో చిట్కాలు చెప్తారు గానీ, వాటన్నిటికీ దూలంలాంటిది ఒక్కటే. మనిషి పైకి పట్టే పట్టు వేరు, ఆ పట్టు వెనకున్న అవసరం వేరు. 1981లో హార్వర్డ్‌కి చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ ఈ తేడాని అందరికీ అర్థమయ్యేలా విడమర్చి చెప్పాక అది ప్రపంచమంతా పాకింది. అంతకు చాలా ముందే, 1925లో, మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు తన సొంత అనుభవం ఒకటి చెప్పింది. హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో ఈవిడా, మరొకాయనా కూర్చున్నారు. ఆయనకి కిటికీ తెరిచి ఉండాలి, ఈవిడకి మూసి ఉండాలి. సగం తెరిస్తే ఇద్దరికీ అసంతృప్తే. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఎందుకంటే ఆయనకి కావలసింది తెరిచిన కిటికీ కాదు, కాస్త గాలి. ఈవిడకి అక్కర్లేనిది గాలి కాదు, ఉత్తరపు గాలి నేరుగా మీద కొట్టడం.

ఇక్కడ జరిగింది రాజీ కాదు. రాజీ అంటే ఇద్దరూ తలా కొంత వదులుకోవడం. ఇక్కడ ఎవరూ ఏమీ వదులుకోలేదు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది సగం కిటికీ. "ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు అప్ప దగ్గర" అని తల్లిని పంచుకోవడం అలాంటిదే. లెక్క సమానంగా ఉంటుంది, ఆవిడ సంచీ మాత్రం ఎప్పుడూ పూర్తిగా విప్పదు.

పట్టు వెనకున్నది చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి మనకి దూరం వెళ్లక్కర్లేదు. బొబ్బిలి ఉంది. 1757 జనవరి నాటి ఆ యుద్ధం గురించి బుర్రకథలు విని పెరిగినవాళ్లకి తాండ్ర పాపారాయుడు గుర్తుంటాడు గానీ, యుద్ధానికి ముందు ఒక బేరం జరిగిందని అంతగా గుర్తుండదు. విజయనగరం విజయరామరాజు పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ, బొబ్బిలి రంగారావుకి ఒక ప్రతిపాదన పంపాడని ఆనాటి ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. బొబ్బిలి వదిలి వెళ్లిపో, బదులుగా వేరే చోట ఇంతకంటే ఎక్కువ, ఇంతకంటే విలువైన భూమి ఇస్తాం. బుస్సీ లెక్కలో అది మంచి బేరమే, ఎకరానికి ఎకరం పైన కొసరు కూడా. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. బుస్సీ భూమి కొలుస్తున్నాడు, రంగారావు తాతతండ్రుల గడ్డ అంటున్నాడు. ఆ తర్వాత కోటలో ఏం జరిగిందో తెలిసిందే. మూడో రాత్రి విజయరామరాజు కూడా తన గుడారంలోనే హతమయ్యాడు. బేరంలో ఎక్కువ ఇస్తే చాలు ఒప్పుకుంటారు అనుకునేవాళ్లందరూ ఒకసారి బొబ్బిలి కోట దగ్గర ఆగి చూడాలి. నేను కూడా అమ్మకి ఎక్కువే ఇస్తున్నాననుకున్నాను. టైల్సు వేసిన గది, ఏసీ, అటాచ్డ్ బాత్రూమ్.

రెండో రకం కథ కూడా మన వైపే ఉంది. కొమరాడ మండలం రాజ్యలక్ష్మీపురం దగ్గర జంఝావతి నది. ఆనకట్ట కడితే అటు ఒడిశాలో భూములు మునుగుతాయి, కాబట్టి వాళ్లు ఒప్పుకోరు. కట్టకపోతే ఇటు రైతులకి నీళ్లుండవు. "కట్టాలి", "కట్టకూడదు" అని ఏళ్ల తరబడి నడిచింది. 2006లో అక్కడ రబ్బరు డ్యామ్ పెట్టారు. ఉబ్బిస్తే నీరు నిలుస్తుంది, వరదొస్తే దించేయొచ్చు. ఒడిశా అడుగుతున్నది డ్యామ్ వద్దని కాదు, మునక వద్దని. ఆ చిన్న తేడా పట్టుకోబట్టే ఆ రబ్బరు గొట్టం వచ్చింది. దాంతో అనుకున్న ఆయకట్టు అంతా తడవలేదు, అది నిజం. అసలు తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కానీ కొన్ని పొలాలకైనా నీళ్లొచ్చాయి. ఇంటి తగువుల్లో కూడా చాలావాటికి ఇలాంటి సగం తీర్పులే దొరుకుతాయని నా అనుభవం. అవి కూడా తక్కువేం కాదు.

"ఎందుకు" అనే మాటతో వచ్చిన చిక్కు

సరే, అవసరం ఏమిటో తెలుసుకోవాలి. ఎలా? అడిగితే పోలా అనుకుంటాం. నేనూ అడిగాను: "ఎందుకు రావు?" ఈ మాట తెలుగులో ప్రశ్నలా వినపడదు, సంజాయిషీ అడిగినట్టుంటుంది. బడిలో మాస్టారు "నిన్న ఎందుకు రాలేదు?" అన్నప్పటినుంచీ మనకి "ఎందుకు" అంటే వీపు జాగ్రత్త అనే అర్థం. జవాబుగా కారణం రాదు, సాకు వస్తుంది, లేకపోతే ఎదురు దెబ్బ వస్తుంది. అదే ప్రశ్నని "ఏమిటి", "ఎలా" లోకి తిప్పితే పదును తగ్గుతుంది. "అక్కడికొస్తే నీకు ఏది ఇబ్బందవుతుంది?" "ఏమవుతుందని భయం?" "ఎలా అయితే నీకు వీలు?" ఇవి అడుగుతున్నవి అదే విషయం, కానీ ఎదుటివాళ్లని బోనులో నిలబెట్టవు.

అడిగాక ఊరుకోవడం ఇంకా కష్టం. మనకి మౌనం పడదు. రెండు సెకన్లు ఆగితే మూడో సెకన్లో మనమే జవాబు అందిస్తాం: "నీకు కోడలితో పడదని కదా?" అని. ఎదుటి మనిషి మనసులో అది లేకపోయినా అప్పుడు వచ్చి చేరుతుంది. సంతలో అనుభవం ఉన్నవాళ్లని చూడండి. ధర చెప్పాక కాయలు సర్దుకుంటూ కూర్చుంటారు, కళ్లెత్తరు. ఆ ఖాళీని మనమే నింపుతాం, మనమే దిగుతాం.

ఇంకో అడ్డంకి, మన భాషలో "కాదు" అన్నది నోటికి అంత తేలిగ్గా రాదు. దాని బదులు మన దగ్గర ఒక బండెడు మాటలున్నాయి. "చూద్దాంలే" అంటే చాలావరకు కాదు. "ఇంట్లో ఒక మాట అడిగి చెప్తాను" అంటే నాకిష్టం లేదు, కాని ఆ నేరం ఇంట్లోవాళ్ల మీద పెడతాను. "అలాగే" అంటే విన్నాను అని, ఒప్పుకున్నాను అని కాదు. "సర్లే" అంటే ఓడిపోయాను, గుర్తుపెట్టుకుంటాను. "మీరెలా అంటే అలా" అంటే రేపు తేడా వస్తే నన్నడగొద్దు. అన్నిటికీ పెద్దన్న "నీ ఇష్టం". ఇది వినడానికి సమ్మతిలా ఉంటుంది. నిజానికి తలుపు గడియ పడిన చప్పుడు. భార్యాభర్తల మధ్య "నీ ఇష్టం" అన్న మాట పడ్డాక కొన్న ఫ్రిజ్ పదేళ్లు పనిచేసినా, ఆ పదేళ్లూ అది ఒకరి ఫ్రిజ్‌గానే ఉంటుంది.

ఇది మర్యాదలోంచి వచ్చిన అలవాటు, తప్పు పట్టక్కర్లేదు. ముఖం మీద కాదనడం మొరటు అని నేర్పారు మనకి. కాబట్టి ఎదుటివాళ్లు కాదనడాన్ని మనమే చవక చేయాలి. "చూద్దాంలే" అన్న బావమరిదితో, "బావా, కుదరకపోతే కుదరదని చెప్పు, నేనేమీ అనుకోను, వేరే ఏర్పాటు చేసుకుంటాను" అనగలిగితే, అప్పుడు వచ్చే అవును నిజమైన అవును. చిత్రం ఏమిటంటే, కాదనే వీలు ఇచ్చాక మనుషులు అవుననడం ఎక్కువ చూశాను. తప్పించుకునే దారి కనపడ్డాక పారిపోవాలన్న తొందర తగ్గుతుంది కాబోలు.

తువ్వాలు

మానాపురం, నారాయణవలస, అలమండ... పశువుల సంతలంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పేర్లు చెప్తారు. మా తాత ఎడ్లు కొనడానికి మానాపురం వెళ్లేవాడు. అక్కడ బేరం నోటితో జరిగేది కాదని చెప్పేవాడు. అమ్మేవాడు, దళారి చెయ్యీ చెయ్యీ కలిపేవారు, పైన తువ్వాలు కప్పేవారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం, ఒక్కో వేలికీ ఇంతని లెక్క. ఒకడు మూడు వేళ్లు నొక్కుతాడు, రెండోవాడు తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ నొక్కుతాడు. చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తుంటారు. వాళ్లకి కనిపించేది రెండు మొహాలు, ఒక కదిలే గుడ్డ.

చిన్నప్పుడు నాకది దొంగతనంలా అనిపించేది. కొంత నిజమే కూడా. దళారి అటు ఎంత చెప్పాడో, ఇటు ఎంత చెప్పాడో, మధ్యలో ఎంత మిగుల్చుకున్నాడో ఆ గుడ్డ కింద దాక్కునేది. కానీ ఆ తువ్వాలు ఇంకో పని కూడా చేసేది. నలభై అడిగినవాడు ముప్పై ఆరుకి దిగినా దిగినట్టు ఎవరికీ తెలియదు. పదిమందిలో "ఇంతకి తక్కువైతే ఇవ్వను" అన్న మనిషి, ఆ పదిమంది చూస్తుండగా దిగలేడు, ఎడ్లని ఇంటికి తోలుకుపోతాడు గానీ దిగడు. దిగడానికి ఆయనకి చాటు కావాలి.

మా అమ్మతో నేను మాట్లాడింది అరుగు మీద, పక్కింటివాళ్లిద్దరు వింటుండగా. నేను "తీసుకెళ్లిపోతున్నాను" అని వాళ్ల ముందే ప్రకటించాను. ఆవిడ "రాను" అని వాళ్ల ముందే చెప్పింది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు మెత్తబడినా ఊరంతా తెలుస్తుంది. పిల్లాడి మార్కుల గురించి చుట్టాల ముందు, మొగుడి తాగుడు గురించి అత్తారింటి ముందు, కింద పనిచేసే కుర్రాడి పొరపాటు గురించి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాట్లాడేవాళ్లందరూ చేసే తప్పే ఇది. మాట సరైనదే కావచ్చు, తువ్వాలు లేదు.

కారణం చెప్పి అడగడం

చిన్న చిన్న కోరికల దగ్గర ఇంత ఆలోచన అక్కర్లేదు, కారణం చెప్తే చాలు. దీని మీద ఎలెన్ లాంగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆమె సహచరులు చేసిన ప్రయోగం ఒకటి 1978లో అచ్చయింది. జిరాక్సు మిషన్ వాడబోతున్నవాళ్ల దగ్గరికెళ్లి "అయిదు పేజీలున్నాయి, నేను తీసుకోనా?" అని ఊరికే అడిగితే నూటికి 60 మంది ఒప్పుకున్నారు. "తొందరలో ఉన్నాను" అని కారణం చెప్తే 94 మంది. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అన్నా 93 మంది ఒప్పుకున్నారు! జిరాక్సు దగ్గరికి కాపీల కోసం కాక ఇంకెందుకు వస్తారు? ఇక్కడివరకే చెప్పి, ఏదో ఒక కారణం తగిలిస్తే చాలని చాలామంది ముగిస్తారు. మిగతా సగం చెప్పరు. అడిగింది 20 పేజీలైనప్పుడు ఆ ఉత్తుత్తి కారణం ఏమాత్రం పనిచేయలేదు. కారణం చెప్పకపోయినా 24, అది చెప్పినా 24. నిజంగా తొందరలో ఉన్నానని చెప్తే 42. అంటే చిన్న పనికి మాట తీరు చాలు, పెద్ద పనికి విషయం ఉండాలి. ఆర్టీసీ బస్సులో కిటికీ సీటు అడగడం అయిదు పేజీలు. పుట్టి పెరిగిన ఊరు వదిలి రమ్మనడం ఇరవై పేజీలు.

మొదట పలికిన అంకె గురించి కూడా ఒక మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో లేదని, ఆమదాలవలసలో ఉందని ఇక్కడివాళ్లకి తెలుసు. కొత్తగా తెల్లవారుజామున దిగినవాళ్లకి ఆటో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఆటో అతను పెద్ద అంకె ఒకటి అంటాడు. మనం సగానికి తగ్గించి గెలిచామనుకుంటాం. ఆ సగం కూడా అతని అంకెలోంచి పుట్టిందే. 1974లో ట్వర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వవేత్తలు ఒక చక్రం తిప్పి ఇదే చూపించారు. చక్రం 10 దగ్గర ఆగితే జనం ఒక లెక్కకి 25 అని అంచనా వేశారు, 65 దగ్గర ఆగితే అదే లెక్కకి 45 అన్నారు. చక్రానికీ లెక్కకీ ఏ సంబంధమూ లేదని వాళ్ల కళ్లముందే తెలుస్తున్నా అలాగే జరిగింది. దీనికి విరుగుడు ఒకటే, అడిగేలోపే మన అంకె మన దగ్గర ఉండాలి. ఇది కుదరకపోతే ఇంకేం దారుందో కూడా ముందే చూసుకోవాలి. మొదటి బస్సు ఎన్నింటికో తెలిసినవాడికి ఆటో దగ్గర టెన్షన్ ఉండదు.

ఇంట్లో అంకెలు ఉండవు, మొదటి మాటలుంటాయి. నేను "తీసుకెళ్లిపోతున్నాను" అనడంతో మొదలుపెట్టాను. ఆ తర్వాత జరిగిన మాటలన్నీ రావడమా, రాకపోవడమా అన్న ఆ ఒక్క గుంజకే కట్టేసి తిరిగాయి. అసలు ఎలా పడింది అన్నది ఎవరూ అడగలేదు.

బేరంలో లేని మనిషి

బేరం అన్న మాటకి మన దగ్గర మంచి పేరు లేదు, దానికి కారణం ఉంది. విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావు 1897లో కన్యాశుల్కం మొదటి కూర్పుకి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. మహారాజా ఆనంద గజపతి పూనుకుని విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల వివరం తీయిస్తే, మూడేళ్లలో 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. ఆ బేరాలన్నీ పద్ధతిగానే జరిగి ఉంటాయి. పెద్దమనుషులు కూర్చుని ఉంటారు, పట్టూ విడుపూ ఉండే ఉంటుంది, తాంబూలాలు పుచ్చుకుని ఉంటారు. ఎవరి బతుకు గురించి ఆ బేరమో, ఆ పిల్ల ఆ గదిలో లేదు.

అందుకే ఈ నేర్పు గురించి ఎవరైనా గొప్పగా చెప్తే నాకు ఒక అనుమానం ఉంటుంది. ఎదుటి మనిషికి లేచి వెళ్లిపోయే వీలే లేనప్పుడు, దెబ్బలు తింటున్నప్పుడు, నోరెత్తితే పని పోతుందన్నప్పుడు "నీ అవసరం చెప్పు, నా అవసరం చెప్తాను" అనడం ఎగతాళి. అక్కడ కావలసింది చట్టం, తోడు, ఒక్కోసారి పోలీసు స్టేషన్. మాట నేర్పు ఇద్దరూ దాదాపు సమానంగా నిలబడగలిగిన చోట పనికొస్తుంది. లేకపోతే ఉన్నవాడి చేతిలో ఇంకో కర్ర అవుతుంది.

మా ముగ్గురి ఫోన్ సంగతి కూడా ఇక్కడే తట్టింది. అంత సాఫీగా రాజీ ఎందుకు కుదిరిందో అప్పుడు అర్థమైంది. కాదనే మనిషి లైన్లో లేదు.

చింతపండు రోజులు

రెండోసారి వెళ్లేసరికి మాఘం వెళ్లిపోయింది. ఇంటి వెనక నీడలో పీట మీద చింతపండు పోసుకుని, రాయితో కొట్టి పిక్కలు తీస్తోంది అమ్మ. పక్కన కూర్చుని నేనూ మొదలుపెట్టాను. అరుగు మీద ఎవరూ లేరు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులకి పని ఉంటే మౌనం అంత బరువుగా ఉండదు, అది ఒక వెసులుబాటు.

"శ్రీకాకుళం వస్తే నీకు ఏది కష్టమమ్మా?" అన్నాను.

రాయి ఆగలేదు. నాలుగు కాయలయ్యాక చెప్పింది. "ఒకటో తారీకు నాను నేకపోతే పింఛిను?"

అమ్మకి వచ్చేది నెలకి 4,000 రూపాయల పింఛను. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతిలో పెడతారు. నాకు నవ్వొచ్చింది. దీనికోసమా! "అది మా దగ్గరికి మార్పించొచ్చమ్మా" అన్నాను వెంటనే. మళ్లీ అదే తప్పు. జవాబు చెప్పేశాను.

"మారిపిస్తే నీ ఇంటికొత్తాది. నీ గుమ్మంలో పుచ్చుకున్న డబ్బులు నీ డబ్బుల్లాగే ఉంటాయి. ఇక్కడైతే ఎవుల్నీ అడక్కండా నా సేతిలో పడతాది."

అప్పుడు నేను ఊరుకున్నాను. మిగతాది తనే చెప్పింది. కోడలి వంటింట్లో గిన్నె ఎక్కడుందో అడుక్కోవాలి. టీవీ ఎప్పుడు పెట్టాలో అడగాలి. నాన్న పోయాక కట్టించిన పెరటి గోడ కూలితే ఎవరూ చూడరు. కోడలు మంచిదే, ఆ మాట రెండుసార్లు చెప్పింది. "అంటే, వస్తే ప్రతిదానికీ అడగాల్సి వస్తుందని నీ బాధ" అన్నాను. తలెత్తి చూసింది. "మరేటి?" అంది.

"మాకు రాత్రి ఫోన్ మోగితే గుండె ఆగిపోతోందమ్మా. నువ్వు రాకపోయినా పర్వాలేదు. మళ్లీ పడకూడదు, పడినా ఒక మనిషి ఉండాలి." ఇది కూడా నేను మొదటిసారి చెప్పలేదు. మొదటిసారి చెప్పింది టైల్సు, ఏసీ.

ఎలా పడిందో అప్పుడు లేచి వెళ్లి చూపించింది. తొట్టి దగ్గర నాపరాయి మీద నాచు. పైన బల్బు పోయి రెండు నెలలైంది. వారంలో ఆ రాయి తీయించి గరుకు సిమెంటు వేయించాం, గోడకి పట్టుకునే గొట్టం బిగించాం, లైటు పెట్టాం. రాత్రిపూట పడుకోవడానికి పక్కింటి డిగ్రీ అమ్మాయి వస్తుంది, మా ఇంట్లో చదువుకోవడానికి దానికీ ప్రశాంతంగా ఉంటుందట. వానలు, తుఫాన్ల నెలల్లో అమ్మ శ్రీకాకుళం వస్తుంది. మూడో తారీకున వస్తుంది, నెలాఖరుకి వెళ్లి ఒకటిన పింఛను తీసుకుని మళ్లీ వస్తుంది. ఈ ఏర్పాటు విని తమ్ముడు ఫోన్లో, ఇదేం పద్ధతి, బస్సు ఛార్జీలు దండగ అన్నాడు. అప్ప మాత్రం, ఇన్నాళ్లకి ఒక్కరైనా అమ్మనడిగారు అంది.

మొదటిసారి వచ్చినప్పుడు సంచీలో చింతపండు, ఆవకాయ జాడీ తెచ్చుకుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో కింది అర ఖాళీ అయి ఉంది, అందులో అమ్మ జాడీలు. మధ్యాహ్నం కూర అమ్మదట, రాత్రి వంట నా భార్యదట, పొద్దున టీ మాత్రం ఎవరు ముందు లేస్తే వాళ్లదట. అమ్మ నాలుగింటికే లేస్తుంది కాబట్టి అది కొసరు కింద కొట్టేసినట్టే. ఎప్పుడు మాట్లాడుకున్నారని అడిగితే ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"నీకెందుకు," అంది నా భార్య.